వాలు తీసేసిన మైదానం

కెప్టెన్ నోరు జారిన సంగతి పాఠకులు మరిచిపోయినా మరిచిపోవచ్చు గానీ, ఊరు మాత్రం మరిచిపోలేదు. కనుక మనమూ ఒకసారి నెమరు వేసుకుని ముందుకు సాగుదాం.

ఏళ్ళ తరబడి రెండో డివిజన్‌లోనే పడి ఉన్న ఫుట్‌బాల్ క్లబ్బు పోయిన సీజన్‌లో మొదటి డివిజన్‌కి ఎక్కింది. ఎక్కించింది ఆటగాళ్ళా, కోచ్చా అని ఊళ్ళో ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు. నన్నడిగితే ఎక్కించింది మైదానం. ఒక గోలు నుంచి రెండో గోలు దాకా అది వాలుగా ఉండేది. ఆ వాలు కంటికి పెద్దగా ఆనేది కాదు, కాళ్ళకి తెలిసేది. బయటి జట్లకిచ్చే గది పై గోలు పక్కనే ఉంది. వచ్చినవాళ్ళు అక్కడే ఒళ్ళు వేడి చేసుకుని, అలవాటైంది కదా అని మొదటి సగంలో ఆ గోలునే కాచుకుంటామనేవారు. ఆ సగమంతా మనవాళ్ళు కింది గోలు ముందు గుంపుగా మూగి ఎలాగో ఓర్చుకునేవారు. రెండో సగంలో వచ్చినవాళ్ళు ఎగువకి పరిగెత్తాలి. అప్పటికే కాళ్ళు బరువెక్కిన మనుషులు ఎగువకి ఏం పరిగెడతారు? మనవాళ్ళు పైనుంచి వాళ్ళ మీద విరుచుకుపడేవారు.

ఈ రహస్యం క్లబ్బులో అందరికీ తెలుసు, బయట మాత్రం ఎవరూ నోరు విప్పేవారు కాదు. పై డివిజన్‌కి ఎక్కిన రోజున మన కెప్టెన్ టీవీ మైకు ముందు నిలబడి, ఆనందం పట్టలేక, చేతులు వాల్చి చూపిస్తూ మరీ కథంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే, మైదానం చదును చేయమని లీగ్ వాళ్ళు ఆజ్ఞాపించారని కోచ్ ప్రకటించాడు. యంత్రాలు వచ్చి పై వైపు మట్టి తవ్వి కింది వైపు పోశాయి. చాపచుట్టల్లా చుట్టిన కొత్త గడ్డి తెచ్చి పరిచారు. ఆ గడ్డి మీద జరిగిన మొదటి ప్రాక్టీసు మ్యాచ్‌లో, కొత్తగా వచ్చిన ఫార్వర్డ్ మన కెప్టెన్‌ని దాటుకుపోయిన తీరు చూసి గ్యాలరీలో ఎవరో పకపకా నవ్వారు. పోయిన వారం మనం ఆగింది ఆ నవ్వు దగ్గరే.

మర్నాడు మధ్యాహ్నం కెప్టెన్ మంగలి షాపులో కూర్చున్నాడు. సాయంత్రం క్లబ్బులో విలేకరుల సమావేశం. రాబోయే సీజన్‌లో క్లబ్బు ఏం వెలగబెట్టబోతోందో ప్రెసిడెంటు గారు, కోచ్, కెప్టెన్ ముగ్గురూ వరసగా కూర్చుని చెప్పాలి. కనీసం జుట్టయినా తీరుగా ఉంటే బాగుంటుందని వచ్చాడు.

"పక్కలు చదును చేసేయనా, కొంచెం వాలు ఉంచనా?" అన్నాడు మంగలి.

బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. కెప్టెన్ కూడా నవ్వాడు. మెడ దగ్గర కత్తి ఉన్నప్పుడు నవ్వక చేసేదేముంది?

అభిమానులు అతనికి పెట్టుకున్న ముద్దుపేరు గొళ్ళెం. వెనకాల తలుపు మూసి గొళ్ళెం పెట్టినట్టు ఆడతాడని, అతన్ని దాటి బంతి లోపలికి పోదని ఆ పేరు. పోయిన సీజన్ దాకా గ్యాలరీ మొత్తం లేచి నిలబడి ఆ పేరుతో అరిచేది. ఇప్పుడు అదే పేరు ఎత్తిపొడుపుకి పనికొస్తోంది.

"గోలుకి పెట్టిన గొళ్ళెం నోటికి పెట్టుకుని ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు కదయ్యా," అన్నాడు బెంచీ మీది ముసలాయన, పేపర్ మడుస్తూ. "చూడు, అన్ని పేపర్లూ కూడబలుక్కున్నట్టు మనల్ని అట్టడుగున పెట్టాయి. అడుగున నిలిచిన మూడు జట్లూ కింది డివిజన్‌కి పోతాయిట. ఆ వాలు ఒక్కటి ఉంటే మూడు జట్లని మన కింద పెట్టుకోలేకపోయేవాళ్ళమా?"

"పోనీలే తాతా, ఆయన మాత్రం కావాలని చేశాడా?" అన్నాడు మంగలి జాలిగా. ఎగతాళికైనా ఓర్చుకున్నాడు గానీ కెప్టెన్‌కి ఆ జాలి మాత్రం మింగుడు పడలేదు. తువ్వాలు విదిలించి లేచి బయటపడ్డాడు.

నిజానికి వాళ్ళు తిడుతున్న తిట్లు, అతను తనని తాను తిట్టుకుంటున్న వాటితో పోలిస్తే ఏ మూలకీ రావు. పెద్ద జట్ల మీద ఆడాలన్నది చిన్నప్పటి నుంచీ అతని కోరిక. ఆ కోరికతోనే మంచి ఉద్యోగం కాదనుకున్నాడు, పెళ్ళి వాయిదా వేసి వేసి చివరికి ఆ ఊసే మానేశాడు. తీరా మొదటి డివిజన్ గుమ్మంలోకి వచ్చేసరికి కణతల దగ్గర జుట్టు తెల్లబడింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఇంకొక్క సీజన్ ఆడగలడేమో, అంతే. ఆ ఒక్క సీజన్‌నీ తన నోటితో తనే నేలపాలు చేసుకున్నానని రాత్రీ పగలూ కుమిలిపోతున్నాడు.

క్లబ్బు గేటు దాటి లోపలికి వెళ్ళేసరికి మైదానం మధ్యలో ఒక లావుపాటి మనిషి గొంతుక్కూర్చుని కనిపించాడు. లీగ్ నుంచి మైదానాలు తనిఖీ చేయడానికి వచ్చిన అధికారి. తాపీమేస్త్రి దగ్గరుండే రసమట్టం లాంటిదే కాస్త పొడుగుది గడ్డి మీద పెట్టి, ఒక కన్ను మూసి బుడగ వంక చూస్తున్నాడు. కెప్టెన్‌ని గుర్తుపట్టి ఆయాసపడుతూ లేచాడు.

"భేషుగ్గా వచ్చిందండీ. దీని మీద గోళీలాట కూడా ఆడుకోవచ్చు," అన్నాడు చెయ్యి కలుపుతూ.

"మీరు చెయ్యమన్నాక తప్పుతుందా?" అన్నాడు కెప్టెన్. గొంతులో ఉక్రోషం దాగలేదు.

అధికారి ఆశ్చర్యంగా చూశాడు. "మేమెందుకు చెయ్యమంటామండీ? మీ పాత వాలు మా రూల్స్‌కి లోబడిందే. ఇంతకన్నా ఎక్కువ వాలున్న మైదానాలు మా డివిజన్‌లో ఇంకా ఉన్నాయి. టీవీలో మీరు చెప్పింది విని మా ఆఫీసులో అందరం సరదాగా నవ్వుకున్నాం, అంతే. మీ కోచ్ గారే అనుమతి అడిగారు. చదును చేసుకుంటామంటే మేం కాదంటామా?"

"మా కోచ్ గారా?"

"స్వయంగా మా ఆఫీసుకి వచ్చారండీ. మీరు పైకి ఎక్కిన ఆ ఫైనల్ మ్యాచ్‌కి ముందే వచ్చారు. అంత ముందుచూపు ఉన్న కోచ్ దొరకడం మీ అదృష్టం," అని అధికారి చెమట తుడుచుకుని, రసమట్టం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఫైనల్ మ్యాచ్‌కి ముందు. అంటే కెప్టెన్ టీవీ మైకు పట్టుకోక ముందే. అతను నోరు జారినా జారకపోయినా ఈ మట్టి తవ్వేవారన్నమాట. ఊరంతా అతని మొహాన ఉమ్మేస్తుంటే, అసలు మనిషి పక్కనే నిలబడి చోద్యం చూస్తున్నాడన్నమాట. ఆ మనిషి పరాయివాడైతే ఇంత మండేది కాదు. కోచ్ అతని సొంత బావ, అక్క మొగుడు.

కోచ్ గది కొత్త రంగు వాసన కొడుతోంది. గోడకి తగిలించిన బోర్డు మీద పదకొండు అయస్కాంతపు బిళ్ళలు అంటించి ఉన్నాయి. బావ వాటిని ఒక్కొక్కటే జరిపి చూసుకుంటున్నాడు. ఆ గదికీ పక్కన అక్క గదికీ మధ్య చెక్క అడ్డు ఒక్కటే. అక్క క్లబ్బు ఫిజియో. ఆటగాళ్ళ కాళ్ళకి కట్లు కట్టడం, బెణికినవి సరిచేయడం ఆమె పని. తమ్ముడి మోకాళ్ళకి ఏళ్ళ తరబడి పట్టీలు చుడుతున్నది ఆమే.

"బావా, మైదానం ఎవరు తవ్వించారు?"

క్లబ్బులో అతన్ని 'సార్' అనాలనీ, 'మీరు' అనాలనీ ఇద్దరి మధ్యా ఎప్పటి నుంచో ఒప్పందం. బావా అనే పిలుపు ఇంటిగుమ్మం దాటకూడదు. బావ తలతిప్పి ఓసారి చూశాడు. అధికారి వచ్చి వెళ్ళిన సంగతి అతనికీ తెలుసు. అబద్ధమాడి లాభం లేదనుకున్నాడు కాబోలు, తలుపు దగ్గరికి వేశాడు.

"నేనే."

"లీగ్ వాళ్ళు చెయ్యమన్నారని చెప్పావే?"

"ఊరికి ఏదో ఒకటి చెప్పాలి కదరా. నేను కావాలని తీయించానంటే కమిటీ ఒప్పుకుంటుందా? ప్రెసిడెంటు గారు ఒప్పుకుంటారా?"

"అందుకని నన్ను బలిపెట్టావా?"

"నేను పెట్టలేదు. నీ నోటి తొందర వల్లే లీగ్ వాళ్ళు కన్నేశారని ఊరే అనుకుంది. నేను కాదనలేదు, అంతే."

"కాదనలేదు! షాపుల్లో, బస్సుల్లో నన్ను ఉతికి ఆరేస్తున్నారు బావా. నా మొహం నేను అద్దంలో చూసుకోలేకపోతున్నా. మీ ఇంట్లోనే కదా భోంచేశాను మొన్న? నా తప్పే, నా తప్పే అని అన్నం కెలుకుతూ కూర్చుంటే, పోనీలేరా అని భుజం తట్టింది నువ్వే కదా?"

బావ కుర్చీలో కూర్చుని, మళ్ళీ లేచాడు.

"నన్ను ఏమంటున్నారో తెలుసా నీకు?" అన్నాడు చివరికి. "వాలు కోచ్ అంటున్నారు. నువ్వు టీవీలో చెప్పక ముందే పెద్ద క్లబ్బువాళ్ళు ఒకరు ఆ వాలు కనిపెట్టి నాతో మాట్లాడారు. మీ ఆట బాగుంది గానీ, ఆడింది మీరా మీ నేలా అని మొహం మీదే అడిగారు. జీవితమంతా నేర్చుకున్న విద్యరా నాది. అదంతా ఆ మట్టి గొప్పేనంటే ఎలా పడమంటావు? చదును నేల మీద ఒక్క సీజన్ ఆడించి చూపిస్తే రమ్మన్నారు."

"ఓడిపోయినా?"

"ఓడినా ఫరవాలేదన్నారు. ఎలా ఆడించానో చూస్తారట."

కెప్టెన్‌కి అప్పుడు మొత్తం బోధపడింది. క్లబ్బు కిందికి పోయినా బావకి చీమ కుట్టినట్టయినా ఉండదు. అతను పైకి పోతాడు. ఇది తమ జట్టని పిల్లల పక్కల మీద దాని జెండా పరిచే జనం, ఈ సీజన్ టిక్కెట్ల కోసం ఎండలో వరస కట్టిన జనం, ఆ ఒక్కడి పరీక్షకి పలకా బలపం అయ్యారు.

"నీ పరీక్ష కోసం మా అందరి కొంపలూ ముంచుతావా? నాకున్నది ఈ ఒక్క సీజనే బావా. వాలు ఉంటే గట్టెక్కేవాళ్ళం. నేను ఆడేవాణ్ణి."

"నువ్వా?" అన్నాడు బావ.

ఆ ఒక్క మాటలో ఉన్న వెటకారం అతను అనుకున్నదానికన్నా ఎక్కువే అయింది. నాలుక కరుచుకున్నాడు గానీ కెప్టెన్ వదల్లేదు.

"చెప్పు. మొదలుపెట్టావు కదా, పూర్తి చెయ్యి."

"వద్దురా."

"చెప్పు బావా!"

బావ బోర్డు దగ్గరికి వెళ్ళి ఒక బిళ్ళ మీద వేలు పెట్టాడు. గోలు ముందు, సరిగ్గా మధ్యలో ఉన్న బిళ్ళ. కెప్టెన్ ఆడే చోటు.

"ఇన్నేళ్ళలో నీ వెనకాల బంతి పడేసి, నిన్ను దాటి పరిగెత్తి గోలు కొట్టినవాణ్ణి ఒక్కణ్ణి చెప్పు. మన మైదానంలో. ఎవడూ లేడు. ఎందుకో ఎప్పుడన్నా ఆలోచించావా? పైనుంచి కొట్టిన బంతి కిందికి జారి జారి తిన్నగా మన గోల్‌కీపర్ చేతుల్లోకి పోయేది. ఏ ఫార్వర్డూ దాన్ని అందుకోలేడు. కిందనుంచి కొట్టిన బంతి సగం దూరంలో చచ్చి పడేది, నువ్వు తీరిగ్గా నడిచి వెళ్ళి తీసుకునేవాడివి. నీతో ఎవరూ పరుగుపందెం పెట్టుకోలేదురా. పెట్టుకునే వీలే లేదు. నిన్న మొదటిసారి పెట్టుకున్నారు. చూశావుగా."

కెప్టెన్ కళ్ళముందు నిన్నటి ప్రాక్టీసు ఆడింది. తన భుజం పక్కనుంచి దూసుకుపోయిన ఆ ఫార్వర్డ్ వీపు, ఎంత సాగదీసినా సాగని తన కాళ్ళు, గ్యాలరీలో ఆ నవ్వు. కాదని కేకలేద్దామనుకున్నాడు. కాదనడానికి ఒక్క మ్యాచ్ కూడా గుర్తుకు రాలేదు. బయటి ఊళ్ళలో ఆడినవి గుర్తొచ్చాయి. అక్కడ ఓడిపోయినప్పుడల్లా, ప్రయాణం బడలిక అని సర్దిచెప్పుకునేవాడు.

"అంటే నేను ఆటగాణ్ణే కాదంటావు," అన్నాడు.

"ధైర్యం ఉంది, బుర్ర ఉంది. కాళ్ళు లేవు. మోకాళ్ళ సంగతి ఎప్పుడో తెలుసు నాకు."

"ఎవరు చెప్పారు?"

బావ చెక్క అడ్డు వైపు చూశాడు. ఆ చూపే చాలు.

"అక్కకి అంతా తెలుసన్నమాట," అన్నాడు కెప్టెన్.

"మీ అక్కకి నీ మంచి తప్ప ఇంకేం కావాలి? మొదటి మ్యాచ్‌కి నువ్వే కెప్టెన్‌వి. జనం చప్పట్లు కొడతారు, నీ ముచ్చట తీరుతుంది. ఆ తర్వాత బెంచీ మీద కూర్చో. ఈ సాయంత్రం ఎవరన్నా అడిగితే నవ్వేసి ఊరుకో. ఇప్పుడు నా సంగతి బయటపడితే నన్ను తరిమేస్తారు. నా ఒక్కడి కొంపే కాదు, మీ అక్క ఉద్యోగం కూడా పోతుంది. ఆలోచించుకో."

కెప్టెన్ బయటికి వచ్చాడు. పక్కగది తలుపు ఓరగా తెరిచి ఉంది. అక్క బల్ల ముందు నిలబడి పట్టీ చుట్ట చుడుతోంది. చుట్టిందే విప్పి మళ్ళీ చుడుతోంది. "ఒరేయ్..." అంది తల ఎత్తకుండా. అతను ఆగలేదు. చిన్నప్పుడు పడిపోయినప్పుడల్లా మొట్టమొదట ఆమె దగ్గరికే పరిగెత్తేవాడు. ఇవాళ ఆమె మొహం చూడాలంటే అసహ్యం వేసింది. బావ వెన్నుపోటు పొడిచాడంటే అర్థం ఉంది, వాడికి తన ఎదుగుదల కావాలి. ఈమెకి ఏమొచ్చింది? తల కొట్టేసినట్టయింది అతనికి.

సమావేశం క్యాంటీన్ హాల్లో పెట్టారు. టేబుళ్ళు గోడకి జరిపి కుర్చీలు వేశారు. అభిమానుల సంఘంవాళ్ళు, కమిటీవాళ్ళు, కెమెరాలవాళ్ళు కిక్కిరిసిపోయారు. వెనకాల తలుపు దగ్గర అక్క వచ్చి నిలబడింది. ప్రెసిడెంటు గారు లేచి, పేపర్లు ఏం రాసినా మన క్లబ్బు మొదటి పది జట్లలో ఉంటుందని కోతలు కోశారు. చప్పట్లు మోగాయి. కోచ్ లేచి, కొత్త నేల మీద కొత్త ఆట చూస్తారని నమ్రతగా చెప్పాడు. ఎంత పొందికైన గొంతో! దానికీ చప్పట్లే. కెప్టెన్ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, టేబుల్ గుడ్డ అంచు కేసి చూస్తూ కూర్చున్నాడు.

ముందు వరసలో ఒక విలేకరి లేచాడు. టీవీలో ఆనాడు మైకు పట్టుకున్నది ఇతనే.

"కెప్టెన్ గారూ, ఏమీ అనుకోకండి. ఆ రోజు మీరు నోరు జారి ఉండకపోతే వాలు మిగిలేది, క్లబ్బు గట్టెక్కేది అని ఊరంతా అంటోంది. క్లబ్బు మళ్ళీ కిందికి పోతే ఆ తప్పు మీదేనని ఒప్పుకుంటారా?"

కమిటీవాళ్ళు కాళ్ళు సర్దుకున్నారు. బావ మంచినీళ్ళ గ్లాసు మెల్లగా కెప్టెన్ ముందుకి జరిపాడు. ప్రేమగా జరిపినట్టే కనిపించింది చూసేవాళ్ళకి.

చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. అధికారి మాటని సాక్ష్యంగా నిలబెడితే ఈ క్షణమే ఊరి తిట్లన్నీ పక్క కుర్చీలోకి మారిపోతాయి. చెబితే? వాలు తిరిగి రాదు. మొదటి మ్యాచ్ ఇంకో పది రోజుల్లో ఉంది, కోచ్ లేని జట్టు మరీ అడుగంటుతుంది. పైగా బావ మాత్రం ఊరుకుంటాడా? వీడి కాళ్ళలో ఏముంది, అంతా నేల చలవే అని అందరి ముందూ అంటాడు. ఆ మాట ఊరు వినడంకన్నా, నోరు జారినవాడని అనిపించుకోవడమే మేలనిపించింది అతనికి. గొళ్ళెం అన్న పేరు ఎత్తిపొడుపుగానైనా మిగులుతుంది. ఇంత నీచమైన లెక్కలు వేసుకుంటున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"అవును. తప్పు నాదే," అన్నాడు.

కెమెరాలు మెరిశాయి. వెనకనుంచి ఎవరో "ఇప్పటికైనా ఒప్పుకున్నాడు" అన్నారు. బావ ఊపిరి వదిలిన చప్పుడు పక్కనే ఉన్న అతనికి వినిపించింది.

"అబద్ధం."

ఆ గొంతు పెద్దదేమీ కాదు. అందరూ వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర నిలబడిన అక్క పట్టీ చుట్ట ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది.

"వాడు అబద్ధం చెబుతున్నాడు," అంది. "వాడి మోకాళ్ళు బాగాలేవని కోచ్ గారికి చెప్పింది నేనే. వాడికి రెస్ట్ ఇస్తారని చెప్పాను. అంతవరకే నా తప్పు. మైదానం సంగతి నాకూ ఇవాళే తెలిసింది, చెక్కగోడ అవతలనుంచి విన్నాను."

ప్రెసిడెంటు గారు సగం లేచి నిలబడ్డారు. "మైదానం సంగతేంటమ్మా? ఏం విన్నారు మీరు?"

"ఆగు," అన్నాడు బావ. మైకు ఆపలేదన్న సంగతి మరిచిపోయాడు. ఇంట్లో భార్యని కసురుకునే ఆ గొంతు హాలంతా వినిపించింది.

కెప్టెన్ తల అడ్డంగా ఊపాడు, వద్దక్కా అన్నట్టు. ఆమె అతని వైపు చూడలేదు. మొగుడి మొహం మీదనుంచి చూపు తిప్పకుండా కుర్చీల మధ్య సందులోకి అడుగుపెట్టింది. కెమెరాలన్నీ ఆమె వైపు తిరిగాయి.